తెల్ల టేపుకి ఇవతల

పొయ్యి మీద పాలు పొంగాయి. తల్లి పరుగున వచ్చి, గుడ్డ వెతుక్కునే ఓపిక లేక, ఉత్త చేతులతోనే గిన్నె దించబోయింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆవిరి గుప్పున లేచింది.

"అమ్మా, కదలకు! అలాగే ఉండు, అలాగే!" అని అరిచాడు కొడుకు.

ఏ తల్లయినా ఏమనుకుంటుంది? ఏదో ప్రమాదం ముంచుకొచ్చిందనుకుని ఆవిడ నిజంగానే బిగుసుకుపోయి నిలబడింది. తీరా చూస్తే కొడుకు చేతిలో ఫోను! ఎండ, ఎండలో ఆవిరి, ఆవిరిలో అమ్మ ముఖం. "అబ్బ, ఏం కుదిరిందమ్మా!" అని మురిసిపోతున్నాడు. ఈలోగా చెల్లెలు వచ్చి గిన్నె లాక్కుని కింద పెట్టింది, తల్లి చేతిని కుళాయి కిందికి తోసింది, "నువ్వు మనిషివా, కెమెరావా అన్నయ్యా?" అని వాణ్ణి కసిరింది. ముగ్గురూ నవ్వుకున్నారు. వేళ్ళు కాలిన తల్లే అందరికన్నా ఎక్కువ నవ్వింది, కొడుకు సంతోషంగా ఉన్నాడు కదా అని.

ఇది చదువుతూ మీలో కూడా కొందరు నవ్వే ఉంటారు. తప్పు పట్టను. మన ఇళ్ళలో రోజూ జరిగేదే. పసివాడు నడవబోయి బోర్లా పడితే ముందు వీడియో, ఆ తరవాత ఎత్తుకోవడం. రోడ్డు మీద ఎవరైనా పడిపోతే చుట్టూ గుంపు, గుంపు నిండా ఫోన్లు. అలవాటైపోయింది కనక అందులో వింతేమీ కనబడదు. ఆ అలవాటు ఒక ఇంటిని ఏం చేసిందో చెబుతాను, కాస్త నిదానంగా వినండి.

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళు ముగ్గురే. కొడుకు పెళ్ళి వీడియోలు కత్తిరించి కూర్చే పని చేస్తూ, మిగిలిన కాలమంతా షార్ట్ ఫిల్ములు తీసేవాడు. చెయ్యి తిరిగినవాడే, అందులో సందేహం లేదు. తండ్రి పోయిన కొత్తలో తల్లి గదిలో ఒంటరిగా కూర్చుని ఆయన చొక్కాలు మడతపెట్టడం, మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టడం తలుపు సందులోంచి తీశాడు. అతనికి పేరు తెచ్చిన మొదటి ఫిల్ము అదే. ఒక చిన్న హాల్లో వేస్తే ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. తల్లి కూడా చూసి, "బాగుంది నాన్నా" అంది. ఆ తరవాత ఆ చొక్కాలు ఎప్పుడు బయటికి తీసినా ముందు తలుపు గడియ పెట్టుకునేది. కొడుకు అది గమనించనే లేదు.

చెల్లెలు చిన్నపిల్లలకు డాన్సు నేర్పేది. ఒళ్ళంతా హుషారు, నోరంతా వెటకారం. అన్న తీసిన ప్రతి ఫిల్ములోనూ ఆమే ఉండేది, ఆమె లేకపోతే అతనికి ఏదీ తోచేది కాదు. పైకి ఎంత ఆటపట్టించినా అన్నంటే ఆమెకు ప్రాణం. అన్నకూ అంతే. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఈ కథలో చెడ్డవాళ్ళెవరో వెతుక్కుంటారేమోనని. వెతక్కండి, దొరకరు.

ఫిల్ముల తరవాత అన్నకు వెలుగుల పిచ్చి పట్టుకుంది. నల్లటి తివాచీ పరిచిన వేదిక, పైన నాలుగు మూలలా కెమెరాలు, చెల్లెలి ఛాతీకి గుండె చప్పుడు పసిగట్టే ఒక బెల్టు. ఆమె కదిలితే ఆ కెమెరాలు పట్టుకుంటాయి. కంప్యూటరు ఆ కదలికల్ని వెలుగుగా మార్చి వెనకున్న పెద్ద తెర మీద, ఆమె ఒంటి మీద, నేల మీద గీస్తుంది. చెయ్యి ఊపితే రెక్కలు, తిరిగితే సుడిగుండం, గుండె వేగం పెరిగితే రంగులు చెలరేగుతాయి. ఇదంతా అన్న నెలల తరబడి కూర్చుని సొంతంగా రాసుకున్న ప్రోగ్రాము.

దానికి ఒకటే లోపం. వేదిక మీద ఒక్క మనిషే ఉండాలి. రెండో మనిషి అడుగు పెడితే కంప్యూటరు ఇద్దర్నీ ఒక్కరే అనుకుని తికమకపడుతుంది, బొమ్మంతా ముక్కలైపోతుంది. అందుకని తివాచీ చుట్టూ తెల్ల టేపు అంటించి, తను మీట నొక్కి దీపాలు ఆర్పేదాకా ఎవరూ దాన్ని దాటకూడదని అన్న కట్టడి చేశాడు. రిహార్సల్లో ఒకరోజు తల్లికి ఆ సంగతి గుర్తులేదు. కూతురు చెమటలు కక్కుతోందని మంచినీళ్ళ సీసా పట్టుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. రెక్కలు కాస్తా పిచ్చిగీతలైపోయాయి.

"ఏంటమ్మా నువ్వు! బుర్ర ఉందా అసలు? అంతా పాడుచేశావు!" అని అందరి ముందూ కేకలేశాడు కొడుకు.

ఆవిడ బిక్కచచ్చిపోయి వెనక్కి వచ్చేసింది. "పోనీలే అమ్మా, వాడి బొమ్మకి దాహం వెయ్యదు, నాకేగా వేసేది," అని కూతురు నవ్వించబోయింది కానీ తల్లికి నవ్వు రాలేదు. ఆ రోజు నుంచీ టేపు దగ్గరికి వస్తే చాలు, ఆవిడ కాళ్ళు వాటంతట అవే ఆగిపోయేవి.

ఈ ప్రదర్శనను తన పెద్ద హాల్లో వేయిస్తానని ఒక నిర్వాహకుడు ముందుకొచ్చాడు. ప్రతిదానికీ "సూపర్" అనడం ఆయన అలవాటు. అందుకని చెల్లెలు ఆయనకి చాటుగా సూపర్ గారు అని పేరు పెట్టింది. "నాకు జ్వరం వచ్చిందన్నా సూపరే అంటాడు, చూస్తుండు," అనేది.

తీరా జ్వరం కాదు, తలనొప్పి వచ్చింది. ప్రదర్శన దగ్గరపడిన కొద్దీ ఎక్కువైంది. ఒకసారి టీ కప్పు చేతిలోంచి జారిపోయింది. "డాక్టరుకి చూపించుకోవే," అంది తల్లి. "షో అయ్యాక వెళ్దాంలే," అన్నాడు అన్న. "షో అయ్యాకే," అని చెల్లెలు కూడా అంది. ఆ మాట అన్నకు ఎంత ఊరటగా అనిపించిందో అతనికే తెలుసు.

ప్రదర్శన రోజు సాయంత్రం వేదిక వెనక బెల్టు కట్టుకుంటూ చెల్లెలు, "అన్నయ్యా, ఎడం చెయ్యి తిమ్మిరిగా ఉందిరా," అంది.

"బెల్టు బిగించేసి ఉంటావు. కాస్త వదులు చెయ్యి," అన్నాడు అన్న. మనిషి ఒంట్లో ఏం జరిగినా అది యంత్రంలోని తేడా అనుకోవడం ఆ పని చేసేవాళ్ళకు అలవాటు. ఆమె వదులు చేసుకుంది. "ఇప్పుడెలా ఉంది?" అని అతను మళ్ళీ అడగలేదు. హాల్లోని కంప్యూటరు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

హాలు కిటకిటలాడిపోయింది. తల్లి ముందు వరసలో కూర్చుంది. ఆట మొదలైంది. రెక్కలు విచ్చుకున్నాయి, సుడులు తిరిగాయి, జనం "ఆహా" అన్నారు. సగంలో ఉండగా చెల్లెలి ఎడమ కాలు మడతపడింది. లేవబోయి మళ్ళీ ఒరిగిపోయింది. కుడి చెయ్యి గాల్లో దేన్నో పట్టుకోవాలని వెతికింది. ఎడమ వైపు వెలుగంతా స్తంభించి, కుడి వైపు వెలుగు ఉవ్వెత్తున ఎగిసింది. గుండె అదుపు తప్పి కొట్టుకోవడంతో, ఎప్పుడూ రాని రంగులన్నీ తెర నిండా చెలరేగాయి.

అన్న వేదిక వైపు చూడటం లేదు. అతని కళ్ళు తన ముందున్న కంప్యూటరు మీద ఉన్నాయి. అందులో కదిలే వెలుగు ఆకారానికి చేతులుంటాయి, కాళ్ళుంటాయి, ముఖం ఉండదు. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులోంచి సూపర్ గారి గొంతు ఉప్పొంగిపోతోంది. "సూపర్ బ్రదర్! ఇది ఎప్పుడు ప్లాన్ చేశారు? నాకు చెప్పనే లేదు!" అన్న గుండె గర్వంతో నిండిపోయింది. ఇది చెల్లెలు అప్పటికప్పుడు అల్లుకుంటోందనుకున్నాడు. ఆ అలవాటు ఆమెకు ఉంది మరి. తన జన్మలో ఇంత అందమైన బొమ్మ చూడలేదని కూడా అనుకున్నాడు పాపం.

హాల్లో నిజం పోల్చుకున్నది ఒక్క తల్లే. కూతురి మూతి ఒక పక్కకు జారడం ఆవిడ చూసింది. లేచి పరుగెత్తింది. టేపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. కొడుకు వైపు చూసింది. అతను తలెత్తలేదు. ఇదంతా ఆటలో భాగమేనేమో, మళ్ళీ తనే పాడుచేస్తోందేమో అనుకుంది. వెనక నుంచి ఎవరో, "కూర్చోండమ్మా, మాకు కనబడట్లేదు," అని విసుక్కున్నారు. ఆవిడ సిగ్గుపడి కూర్చుంది.

చుట్టూ అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు. కూతురి కుడి చెయ్యి తివాచీ మీద పడి మెల్లగా ఆగిపోయింది. రంగులు మెల్లగా కుదుటపడ్డాయి. ముగింపు అద్భుతంగా వచ్చిందనుకుని అన్న మీట నొక్కాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నమస్కారం పెట్టడానికి చెల్లెలు లేస్తుందని అందరూ చూశారు. ఆమె లేవలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. తలలో రక్తనాళం పూడుకుపోయిందని, పక్షవాతమని చెప్పి, "ఎప్పుడు మొదలైందో కాస్త గుర్తు చేసుకుని చెప్పండి. వైద్యం దాని మీదే ఆధారపడి ఉంటుంది," అంది. అన్న ఫోను తీసి, హాల్లో ఎవరో తీసి పంపిన వీడియో పెట్టాడు. ఆవిడ కుర్చీ జరుపుకుని చూసింది. వెలుగులు చూడలేదు, మనిషిని చూసింది.

"ఇదిగో, కాలు మడతపడింది చూశారా, ఇక్కడ మొదలైంది. ఇక్కడ మూతి వంకరపోయింది. ఈ చెయ్యి సాయం కోసం పైకెత్తింది." ఆపి అతని వైపు తిరిగింది. "హాల్లో ఎంతమంది ఉన్నారు?"

"హాలు నిండా ఉన్నారండి."

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనుకున్నాడు అన్న. "ఈ జబ్బులో ప్రతి నిమిషమూ లెక్కే. పడిన వెంటనే తీసుకొచ్చి ఉంటే నేను చేయగలిగింది చాలా ఉండేది," అని మాత్రం అంది. "ఇప్పుడు ప్రాణం నిలబెడతాను. నడక, మాట, వాటి సంగతి నా చేతుల్లో లేదు."

ప్రాణం నిలబడింది. మాట రాలేదు, ఎడమ వైపు కదలలేదు. వెటకారంతో ఇల్లు హోరెత్తించిన పిల్ల గోడకేసి చూస్తూ పడుకుంది. రొట్టె పాలలో నానబెట్టి తినిపిస్తే సగం పక్కకు కారిపోయేది. పాఠాలు చెప్పించుకున్న పిల్లలు ఒకసారి చూడటానికి వచ్చారు, భయపడి మళ్ళీ రాలేదు.

ఈలోగా ఆ వీడియో ఊళ్ళు దాటింది. "ఏం నటన! పడిపోయే ఘట్టం చూస్తే ఒళ్ళు జలదరించింది," అని రాశారు జనం. అన్న తట్టుకోలేక దాని కింద జరిగిన నిజం రాశాడు. అది నటన కాదు, నా చెల్లెలికి ప్రాణం మీదికి వచ్చిన క్షణమది, దయచేసి చూడకండి అని వేడుకున్నాడు. ఏమైందో తెలుసా? అప్పటిదాకా చూసినవాళ్ళు మళ్ళీ చూశారు. చూడనివాళ్ళు వెతుక్కుని మరీ చూశారు. అయ్యో పాపం అన్నారు, చూశారు, ఇంకొకరికి పంపారు.

కొన్నాళ్ళకు సూపర్ గారు అదే ప్రదర్శన కొత్తమ్మాయితో మళ్ళీ వేస్తున్నారని తెలిసింది. ప్రోగ్రాము ఆయన హాల్లోని కంప్యూటరులోనే ఉండిపోయింది, అన్నతో పనేముంది? ఎలాగైనా ఆపించాలని అన్న పరుగున వెళ్ళాడు. తివాచీ మీద ఒక సన్నటి అమ్మాయి, పక్కన ల్యాప్‌టాపులో చెల్లెలి వీడియో చూసుకుంటూ ఎడమ కాలు మడిచి పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. అన్నను గుర్తుపట్టి గౌరవంగా లేచి నిలబడింది.

"సార్, మీరే వచ్చారా! ఒక్క డౌటు సార్. చెయ్యి ఇలా వంకర పోతే చాలా, ఇంకాస్త పోవాలా? మూతి మాత్రం ఎంత ప్రయత్నించినా సరిగ్గా రావట్లేదు."

"అమ్మా, అది డాన్సు కాదమ్మా. అది నా చెల్లెలికి వచ్చిన జబ్బు," అన్నాడు అన్న.

"తెలుసు సార్. మీరు రాసింది చదివాను, చాలా ఏడుపొచ్చింది." ఆ అమ్మాయి తల దించుకుంది. "ఆ ఘట్టం కోసమే జనం వస్తున్నారట సార్. నేను చెయ్యనంటే ఇంకొకరు చేస్తారు. ఇంత పెద్ద వేదిక నాకు మళ్ళీ దొరుకుతుందా, మీరే చెప్పండి."

ఆ పిల్లను ఏమనగలడు? సూపర్ గారి గదికి వెళ్ళి, ఆపమని బతిమాలాడు. ఆయన ఓదార్చారు, భుజం తట్టారు, ఆపనన్నారు. పోనీ ఒక్కటైనా చెయ్యమన్నాడు అన్న. టేపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి, ఆ అమ్మాయికి నిజంగా ఏమన్నా అయితే చెయ్యెత్తుతుంది, అప్పుడు అతను లోపలికి వెళ్ళాలి అన్నాడు.

"సూపర్ ఐడియా బ్రదర్," అన్నారాయన, మనస్ఫూర్తిగానే. కాస్సేపు ఆలోచించి, "కానీ చెయ్యెత్తడం కూడా ఆ ఘట్టంలోనే ఉంది కదా," అన్నారు.

ప్రదర్శన రోజు అన్న టికెట్ కొనుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. ఈసారి కంప్యూటరు లేదు, కళ్ళ ముందు మనిషి ఉంది. ఆ అమ్మాయి ఎడమ కాలు మడతపడింది. ఒరిగిపోయింది. చెయ్యి పైకెత్తింది. మూతి వంకర పోయింది, రాదు రాదన్నది చక్కగా వచ్చేసింది. అది సాధనతో వచ్చిందో, ప్రాణం మీదికి వచ్చి వచ్చిందో ఎవరు చెప్పగలరు? అతను చెప్పలేకపోయాడు. చుట్టూ చూశాడు. ఎవరికీ ఆ అనుమానమే లేదు. ఫోన్లు పైకి లేచి ఉన్నాయి.

అతను ఒక్క ఉదుటున టేపు దాటి లోపలికి దూకాడు. తెర మీద వెలుగు ముక్కలు ముక్కలైంది. హాలంతా గగ్గోలు. మోకాళ్ళ మీద కూలబడి ఆ అమ్మాయి తలను ఒళ్ళోకి తీసుకుని, "అమ్మా, నేను వచ్చాను, వచ్చేశాను, భయపడకు," అంటూ వలవలా ఏడ్చాడు.

ఆ అమ్మాయి చటుక్కున లేచి కూర్చుంది. "నేను బాగానే ఉన్నాను సార్! అయ్యో, ఎందుకొచ్చారు? మొత్తం పోయింది!" అని ఆమె కూడా ఏడ్చేసింది. ఇద్దరు మనుషులు వచ్చి అన్న రెక్కలు పట్టుకుని బయటికి నడిపించారు. వెళ్తూంటే జనం ఈలలు వేశారు, తిట్టారు, ఆ సీను కూడా ఫోన్లలో తీసుకున్నారు. ఇక ఈ హాలు ఛాయలకు రావద్దని చెప్పి గేటు వేశారు.

ఇంటికి వచ్చేసరికి తల్లి కూతురి ఎడమ చేతికి నూనె రాస్తోంది. అన్న గుమ్మంలోనే కూలబడి జరిగిందంతా చెప్పాడు. చెల్లెలు గోడ వైపు నుంచి ముఖం తిప్పి వింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకునే వీలు లేదు. తల్లి తుడిచింది.

"ఆ పిల్ల బాగానే ఉందా?" అని అడిగింది తల్లి.

"బాగానే ఉందమ్మా. ఉత్త నటన. అనవసరంగా వెళ్ళాను. ఆట చెడగొట్టాను, ఆ పిల్ల ఉసురు పోసుకున్నాను. వెళ్ళాల్సిన రోజు వెళ్ళలేదు, అక్కర్లేని రోజు వెళ్ళాను. ఇక ఆ పిల్ల ఎప్పుడైనా నిజంగా పడినా నన్ను రానివ్వరు."

తల్లి కూతురి వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది. అవి ముడుచుకునే ఉన్నాయి. ఎప్పుడూ కొడుకు మాటకు ఎదురు చెప్పని ఆ మనిషి మెల్లగా తలెత్తింది.

"ఆ రోజు నేను లేచాను నాన్నా. నీకన్నా ముందు నేను లేచాను. నిజమో, నటనో తేలనీ అని మళ్ళీ కూర్చున్నాను. తేలింది. తేలేసరికి పిల్ల ఇలా అయిపోయింది. నిజమని తేలాక వెళ్ళినవాళ్ళెవరూ, నాతో సహా, దీన్ని కాపాడలేదు. నటనకి మోసపోయి పది మందిలో నవ్వులపాలైతే పోయేది పరువేరా. మనిషి పడిపోతుంటే ముందు చెయ్యి పట్టుకోవాలి, నిజమో కాదో ఆ తరవాత చూసుకోవచ్చు."